పోవచ్చు, పోవద్దు

చొప్పదండి,
జూన్, మిరుగం వెళ్ళిన వారం.

రావుసాబ్ ఉపేందర్‌రావు గారికి సమ్మయ్య రాయునది.

మేము క్షేమం. మీరు క్షేమమా అని అడగను. క్షేమంగా ఉన్నవాళ్ళకే పక్కోని పనిలో వేలు పెట్టే తీరిక ఉంటుంది.

మొన్న మిరుగం కార్తె నాడు గాలం క్లబ్బు కూడి చేపలు వండుకున్నప్పుడు మీరు లేచి నిలబడి ఏదో అన్నారు. అందరూ నా మొహం చూశారు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. జమ్మికుంట పత్తి మిల్లులో మిషను పక్కన నిలబడి నిలబడి పోయిన చెవులివి, మీకు తెలుసు. ఇంటికి వచ్చినంక మా కోడలు స్తుతి కాయితం మీద రాసి చూపించింది. "మామా, క్లబ్బు వెబ్‌సైటు ఖానాపూరోళ్ళకు అప్పజెప్పాలె అంటున్నడు రావుసాబ్." నా ముందర నిలబడి నాకు వినపడకుండా మాట్లాడటం ఏం మర్యాద? అందుకే ఉత్తరం రాస్తున్నాను. మీరూ ఉత్తరమే రాయండి. ఫోన్లో అరిస్తే మీ గొంతు పోతుంది, నా చెవికి చేరదు.

నోటి మాట వేరు, కాయితం మాట వేరు అని మిషన్ బడిలో సారు బెత్తంతో నేర్పించాడు. అది కూడా నాలుగో తరగతి దాకనే. తప్పులు కనపడితే ఆయనకు చెప్పుకోండి, సమాధుల తోటలో రెండో వరుసలో ఉన్నాడు.

ఇక అసలు సంగతి. ఆ సైటు చేసింది నా కొడుకు తిమోతి. మా వాడకట్టులో "సమ్మయ్యకు సైటు ఉన్నదట, ఎన్ని గజాలు?" అని అడిగినవాళ్ళు ఉన్నారు. గజాలు లేవు గానీ అందులో మనుషుల పానం ఉన్నది. మీ ఊరి వాగులో గాలం వెయ్యడానికి ఆదివారం నాడు కరీంనగర్ నుంచి, జమ్మికుంట నుంచి మనకు మొహం తెలియని మంది కూడా వస్తారు. పైన కట్ట గేట్లు ఎత్తితే వాగు ఎట్లా మీదికి వస్తుందో వాళ్ళకు తెలియదు. శనివారం సాయంత్రం ఆ సైటులో పచ్చగా "పోవచ్చు" అని ఉంటుంది, లేకుంటే ఎర్రగా "పోవద్దు" అని ఉంటుంది. అది చూసి బయలుదేరుతారు. తిమోతి పోయి రెండేండ్లు. గుండె పట్టుకొని గడపలో కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. అప్పటి నుంచి ఆ గుర్తు నేనే పెడుతున్నాను, వాని ఫోన్లోనే.

వాడు బతికుండగా, సైటు తెరిచే తాళం మాట ఏమిటని అందరూ అడిగేవాళ్ళు. వాడేమనేవాడు? "బాపునడుగు" అనేవాడు. మీకూ అదే అన్నాడు. నేను పక్కనే ఉండి వాని పెదవులు చూశాను. అంటే ఏమిటి? నన్ను అడగాలి. నిలబడి సభలో చెప్పడం కాదు.

తాళం నా దగ్గర ఉన్నది. ఇవ్వను. కావాలంటే పని పంచుకుందాం. శనివారం మీరు వాగు చూసి తిమోతి ఫోనుకు ఒక మాట పంపండి. అది చదివి నేను గుర్తు పెడతాను. వాగు మీది, గుర్తు నాది.

ఇట్లు,
సమ్మయ్య

*

ఖానాపూర్,
జూలై.

సమ్మన్నకు,

ఉత్తరం చదివి రచన నవ్వింది. "బాపూ, నిన్ను ఇంత మంచిగ తిట్టిన మనిషి ఇంకొకలు లేరు" అన్నది. ఆమె ఇక్కడి బడిలో కంప్యూటరు చెప్తుంది కదా, సైటు అప్పజెప్పే ఆలోచన ఆమెదే. సభలో చెప్పడం నా పొరపాటు. కాయితం మీద రాసి ఇవ్వాల్సింది.

నువ్వు చెప్పినట్టే కానియ్యి. వాగు నేను చూస్తాను, గుర్తు నువ్వు పెట్టు. కానీ ఒక మాట విను, అంటే చదువు. పోయిన బేస్తవారం నెత్తిన మబ్బు తునక లేదు. మా జీతగాడు భూమన్న బర్రెను కడుగుతున్నాడు. పైన ఎక్కడో వాన పడ్డది, గేట్లు ఎత్తారు. వాగు మలుపు దగ్గర మొదట చెత్త కనపడ్డది, తర్వాత నురుగు. భూమన్న చెట్టు కొమ్మ అందుకున్నాడు. బర్రె మాత్రం మా కండ్ల ముందరే తల తిప్పి తిప్పి చూసుకుంటూ పోయింది. అది అరిచిందా లేదా నాకు గుర్తు లేదు, ఆ చూపే గుర్తున్నది.

ఈ వానకాలం నాకు భయంగా ఉన్నది. గుర్తు పెట్టేవాడు వాగుకు ఇంత దూరాన ఉండటం ఏమిటి? మన ఇద్దరి వయసు కూడా చూడు. తాళం ఒక కవర్లో పెట్టి అతికించి పంపు. అవసరం పడితే తప్ప విప్పను, ఒట్టు. నీ సైటు నిజంగా ప్లాటే అయితే రిజిస్ట్రేషన్ అడిగేవాణ్ణి, కవరుతో సరిపెట్టుకుంటున్నాను.

నీ,
ఉపేందర్‌రావు

*

చొప్పదండి,
ఆగస్టు, సోమవారం.

రావూ,

సాబ్ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

శనివారం మీరు పంపిన మాట నా ముందర ఉన్నది. "నీళ్ళు దిగినయి." వేలు పెట్టి చదివాను, మళ్ళీ చదివాను. పోవచ్చు నొక్కాను. అన్ని వారాలు ఎర్రగా పెట్టి పెట్టి ఉన్నానేమో, పచ్చగా కాగానే మనసు కూడా తేలికయింది.

ఆదివారం మనుమడు బెన్నీ గుడికి రాలేదు. దోస్తులతో మీ వాగుకు పోయాడని స్తుతి పాటల పుస్తకం అంచు మీద రాసి చూపించింది. కింద "సైటుల పచ్చగ ఉందట" అని రాసింది. నేను మీసం సవరించుకున్నాను. వాని నాయిన చేసిన సైటు, వాని తాత పెట్టిన గుర్తు.

అన్నాలు తినే యాళ్ళకు స్తుతి ఫోను పట్టుకొని నిలబడ్డది. చెవిటివాడి భయం మీకు తెలవదు రావూ. మీకు చప్పుడు ముందు వస్తది. నాకు మొహమే. ఆమె నోరు హలో అన్నది. మళ్ళ హలో అన్నది. అటెన్క తెరుచుకొని అట్లనే ఉన్నది, మూతపడలే. "ఏమైంది బిడ్డా" అని అరిచిన. ఎంత గట్టిగ అరిచిన్నో ఏమో, పక్కింటి బుచ్చవ్వ ఉరికొచ్చింది. స్తుతి రాసుడు మరిచిపోయింది. నోటితోటే చెప్తుంది. పెదవులు వణుకుతున్నయి, వణికే పెదవులు నేను చదవలేను. బుచ్చవ్వకు అక్షరం రాదు. పొయ్యిల నుంచి బొగ్గు తెచ్చి నేల మీద గీసింది. ఒక బండ. బండ చుట్టూ నీళ్ళు. బండ మీద ముగ్గురు.

గా బొమ్మ ముందర పొద్దుగూకే దాక కూసున్న. ఎవలు నడిసినా కాలు తాకి చెరిగిపోతదేమోనని చేతులు అడ్డం పెట్టుకొని కూసున్న. అది చెరిగితే వాళ్ళు పోయినట్టే అనిపించింది.

వచ్చారు. ముగ్గురూ వచ్చారు. బెన్నీ పెదవులు నేరేడు పండ్ల లెక్క ఉన్నాయి. "ఎవలో ముసలాయన, ఇంకో ఆయన తాడేసిన్రు తాతా. ముసలాయన గుంజినంత సేపు ఒకటే తిట్టుడు" అని స్తుతితో రాయించాడు.

మీరు నీళ్ళు దిగినయి అన్నారు. దిగితే నా మనుమడు బండ మీద ఎందుకున్నాడు? నా మీద కోపంతో చూడకుండానే పంపారా? ఆ ముసలాయన ఎవరో గానీ ఆయన కాళ్ళు మొక్కాలి. మీకు నా నమస్కారం లేదు.

సమ్మయ్య

*

ఖానాపూర్,
ఆగస్టు.

సమ్మన్నా,

ఆ ముసలాయన కాళ్ళు మొక్కే పని లేదు. వాటికి నూనె రాయించుకుంటూ మంచంలో ఉన్నాను. తాడు వేసింది భూమన్న, తిట్టింది నేను. ఆ పిల్లవాడు తిమోతి కొడుకని నీ ఉత్తరం చదివే దాకా తెలియదు. తెలిసుంటే కంగారులో తాడు వదిలేసేవాణ్ణేమో.

నేను చూడకుండా పంపలేదు. చూసే పంపాను. మా దిక్కు నీళ్ళు దిగినయి అంటే పైనుంచి వచ్చినాయి అని అర్థం. గేట్లు ఎత్తితే కట్ట మీద నుంచి దిగుతాయి కదా. మా అవ్వ వాగులో బట్టలు పిండేవాళ్ళను చూసి "నీళ్ళు దిగినయే, పైకి రాండ్రి" అని కేకలు వేసేది. మీ దిక్కు దిగినయి అంటే తగ్గినాయి అని, రచన మీ స్తుతిని అడిగితే ఇప్పుడు తెలిసింది. ఇన్నేండ్లు ఒకే ఒడ్డున కూర్చొని గాలం వేశాము. ఈ మాట మన మధ్య ఎప్పుడూ అడ్డం రాలేదు, ఎందుకంటే వాగు ఇద్దరి కండ్ల ముందరే ఉండేది.

ఆదివారం పొద్దున సైటు చూశాను. పచ్చగా ఉన్నది. తిమోతి ఫోనుకు చేస్తే మోగుతూనే ఉన్నది. మీరంతా గుడిలో ఉన్నారు. ఆ ఎర్ర గుర్తు పెట్టడానికి నా చేతిలో ఏమీ లేదు సమ్మన్నా. అక్కడ తప్పు ఉన్నదని తెలుసు, దాన్ని చెరిపే దారి లేదు. అందుకే వాగుకు ఉరికాను.

ఎవరి తప్పు అని నేను అడగను, నువ్వూ అడగకు. తాళం ఇయ్యి. పెద్దరికం కోసం కాదు. నాకు భయమవుతున్నది.

ఉపేందర్‌రావు

*

చొప్పదండి,
సెప్టెంబరు.

రావుసాబ్‌కు,

మీ కాళ్ళ నొప్పి తగ్గిందా? పోయిన ఉత్తరంలో రాసినదానికి ఏమీ అనుకోవద్దని రాయాలి, రాయడం రాదు. మా చెట్టు నిమ్మకాయలు పంపుతున్నాను.

తిమోతి ఫోను చచ్చిపోయింది. స్తుతి రచనకు చెప్పే ఉంటుంది. ఎన్నో రోజుల నుంచి దాని పొట్ట ఉబ్బి ఉన్నది, అద్దం కూడా పైకి లేచింది. పోయిన శనివారం వాగు నిజంగానే తగ్గింది, మీరు పంపిన మాట కూడా సాఫ్‌గా ఉన్నది. పోవచ్చు పెట్టాను. సోమవారం చూస్తే నల్లగా అయింది. కరీంనగర్ తీసుకుపోయి ఇద్దరికి చూపించాము. లోపల ఏమీ మిగలలేదన్నారు.

ఇప్పుడు ఆ పోవచ్చు అట్లనే ఉన్నది. పచ్చగా. స్తుతి ఫోన్లో రోజూ చూస్తున్నాను. ఇక్కడ వాన ఆగడం లేదు. మీ దిక్కు ఇంకా గట్టిగా ఉన్నదట.

స్తుతికి చెప్పనిది ఒకటి ఉన్నది. మీకు రాస్తున్నాను. తాళం నా దగ్గర లేదు. ఎప్పుడూ లేదు. వాని ఫోన్లో సైటు తెరిచే ఉండేది, నేను నొక్కేవాణ్ణి, అంతే. వాడు అందరికీ బాపునడుగు అన్నాడు గానీ బాపుకు చెప్పలేదు. చెప్పాడేమో, నాకు వినపడలేదేమో. అదీ తెలియదు. ఏమని ఒప్పుకోవాలి? కొడుకు నన్ను అడగమన్నాడని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి.

ఇంట్లో రోజూ తాళం అడుగుతున్నారు. నేను తల అడ్డంగా ఊపుతున్నాను. మొండోడు అనుకుంటున్నారు. మొన్న బెన్నీ కోపంతో కంచం తోసేసి పోయాడు. అనుకోనియ్యి. తెలియనోడు అనిపించుకునుడు కంటె మొండోడు అనిపించుకునుడు నయం అనుకున్న.

కానీ ఐతారం వస్తుంది, వాగుకు మంది వస్తారు.

సమ్మయ్య

*

ఖానాపూర్,
సెప్టెంబరు, బుధవారం.

సమ్మన్నా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. మా ఊరి అంజన్న బస్సులో కరీంనగర్ వస్తున్నాడు, నీ చేతికే ఇస్తాడు. అతను చూస్తుండగానే చదువు.

పోయిన ఆదివారం వాగు బాట మీద తాడు కట్టి, రచన ఎర్ర చీర చింపి వేలాడదీశాము. నేను, భూమన్న గొడుగులు పట్టుకొని నిలబడ్డాము. మొహం తెలియని వాళ్ళు, బండ్ల మీద వచ్చారు. "పోవద్దు నాయినా, గేట్లు ఎత్తేటట్టున్నరు" అన్నాను. ఒకడు ఫోను తీసి నా మొహం ముందర పెట్టాడు. "గిది చూడు పెద్దమనిషీ, పోవచ్చు అని రాసుంది గదా! నీకేం ఎరుక?" అన్నాడు. నా క్లబ్బు సైటు నాకే చూపించి నన్ను పక్కకు జరగమన్నాడు. భూమన్న బండికి అడ్డం పడుకుంటే తప్ప మరలలేదు. కింది బాట నుంచి ఎవరైనా దిగారేమో మాకు తెలియదు. పొద్దుగూకే దాకా నీళ్ళలో ఏ గుడ్డ కొట్టుకొచ్చినా ఒడ్డు దాకా ఉరికి చూశాము.

ఈ శనివారం పైన గేట్లు అన్నీ ఎత్తుతారని చాటింపు వేశారు. మేము రెండు బాటలకు ఎంతమందిమి?

రచనకు తోచిన మాటలన్నీ కొట్టి చూసింది. తిమోతి తల్లి మగ్దలేనమ్మ పేరు, స్తుతి పేరు, బెన్నీ పేరు, చొప్పదండి. ఏదీ పడలేదు. తాళం మరిచారా అని అది అడుగుతుందట, అవునంటే తిమోతి మెయిలుకే జాబు పంపుతుందట. ఆ మెయిలు ఎవరు తెరవాలి? ఇంకోసారి తప్పు కొడితే కొన్నాళ్ళు అసలే కొట్టనివ్వదట. అందుకని ఆగింది.

స్తుతికి నిజం చెప్పు. నీకు తెలియదని చెప్పు. తిమోతితో బతికిన మనిషి, ఆమెకు ఏదైనా తట్టవచ్చు. నీ పెద్దరికం ఏమీ పోదు. పోయినా, బండ మీద ముగ్గురి బొమ్మ కంటె పెద్దది కాదు.

ఉపేందర్‌రావు

*

చొప్పదండి,
సెప్టెంబరు, శుక్రవారం.

ఉపేందర్‌రావుకు,

ఇది చేరే ముందే స్తుతి ఫోన్లో రచనకు అంతా చెప్పి ఉంటుంది, సైటు ఎర్రగా అయినది నువ్వూ చూసి ఉంటావు. అయినా అప్పగింత నా చేతి రాతతో జరగాలి కాబట్టి రాస్తున్నాను.

అంజన్నకు చాయ్ పోసి, స్తుతిని పిలిచి కూర్చోబెట్టిన. "బిడ్డా, తాళం నాకు తెల్వది. మీ మామకు ఎన్నడూ తెల్వది" అన్న. తిడుతదనుకున్న. తిట్టలే. కాయితం తీసుకొని "మరి అడిగినోళ్ళకు ఆయన ఏమని చెప్తుండె?" అని రాసింది.

"బాపునడుగు అంటుండె. అని నవ్వుతుండె."

"నవ్వుతుండెనా?" అని రాసింది.

అవును, ప్రతిసారి. మీరంతా మాట విన్నారు. నేను మొహం చూశాను. ఆ మాట అన్నంక వాడు బుగ్గలు లోపలికి గుంజి నవ్వు ఆపుకొనేవాడు. చిన్నప్పుడు నా చెప్పులు దాచి, వెతుకుతుంటే పక్కన నిలబడి చూసే మొహం అది. మీరు అడిగిన నాడు కూడా అదే మొహం. మీరు నా దిక్కు తిరిగారు, నేను మీసం తిప్పాను, వాడు చేపల గిన్నె వెనక మొహం పెట్టుకున్నాడు.

స్తుతి లేచి నిలబడ్డది. ఫోను తీసింది. "తప్పైతే మళ్ళ కొట్టనియ్యదట బిడ్డా" అన్న. నేను ఆమె మణికట్టు పట్టుకున్న. బెన్నీ వచ్చి ఇద్దరి చేతుల కింద తన చెయ్యి పెట్టిండు. ఇంగ్లీషు అక్షరాలల్ల, నడుమ సందు లేకుంట, బాపునడుగు అని కొట్టింది.

తెరుచుకున్నది.

వాడు ఎవరికీ దాచలేదు ఉపేందర్‌రావూ. అడిగిన ప్రతి మనిషికీ తాళం చేతిలో పెట్టాడు. మనమే నన్ను అడగమన్నాడనుకున్నాము. నువ్వు అది అడగడానికే నాకు ఇన్ని ఉత్తరాలు రాశావు, నీ దగ్గర ఉన్నదాన్ని.

స్తుతి ఫోను నాకిచ్చి "మీరే నొక్కుండ్రి మామా" అన్నది. ఆ మాట నేను చదవగలిగాను, ఈసారి పెదవులు వణకలేదు. పోవద్దు నొక్కాను. చ్చు పోయి ద్దు వచ్చింది. ఒక్క అక్షరం.

ఇదే నేను పెట్టిన ఆఖరి గుర్తు. ఇక నుంచి వాగూ నీదే, గుర్తూ నీదే. ఒక్క షరతు. దిగినయి అనే మాట ఆ సైటులో ఎన్నడూ రాయవద్దు. పెరిగినయి అను, తగ్గినయి అను. దిగుడు మాట గుడి మెట్లకు ఉంచుకో.

సమ్మయ్య

*

ఖానాపూర్,
అక్టోబరు.

సమ్మన్నకు,

గేట్లు ఎత్తిన మర్నాడు, ఆదివారం, బాట మీదికి ఒక్క బండి కూడా రాలేదు. నేను, భూమన్న తాడు పట్టుకొని ఊరికే తడిసి వచ్చాము. ఇంత సంతోషంగా ఎప్పుడూ తడవలేదు.

మొన్న శనివారం మొదటిసారి పచ్చది పెట్టాల్సి వచ్చింది. వాగు మోకాలి లోతు లేదు, అడుగున ఇసుక కనపడుతున్నది. అయినా వేలు ఆగిపోయింది. నొక్కాను, వాగుకు పోయి మళ్ళీ చూశాను. ఇంటికి వచ్చి సైటు చూశాను. కండ్లు మూస్తే ఆ బర్రె చూపు. "బాపూ, జర పండుకో" అని రచన విసుక్కున్నది. ఆదివారం ఆఖరి మనిషి గాలం చుట్టుకొని బండి ఎక్కేదాకా ఒడ్డు మీదే ఉన్నాను, చేపలు పట్టకుండా.

నువ్వు రెండేండ్లు ఎట్లా నిద్రపోయావు?

ఇంకొకటి. తాళం ఊరందరికీ చెప్పినదే కనుక మార్చాలని రచన అంటున్నది. తిమోతి పెట్టిన మాట, నాకు చెయ్యి రావడం లేదు. మార్చమంటావా?

ఉపేందర్‌రావు

*

చొప్పదండి,
అక్టోబరు.

ఉపేందరూ,

నిద్రపోలేదు.

అది ఎవరికీ చెప్పలేదు. శనివారం నొక్కినప్పటి నుంచి ఆదివారం వాకిట్లో చీకటి పడేదాకా నాకు అన్నం రుచి తెలిసేది కాదు. గుడిలో అందరూ పాడుతుంటే నేను వాగును తలుచుకునేవాణ్ణి. తాళం లేకున్నా ఆ భయం మాత్రం నా దగ్గరే ఉండేది. ఇప్పుడు రెండూ నీ దగ్గరికి వచ్చాయి. పోతుందని ఎదురుచూడకు, పోదు. పోయిన నాడు గుర్తు పెట్టవద్దు, ఇంకొకరికి ఇచ్చెయ్యి.

మొన్న ఆదివారం బెన్నీ గాలం తీసి, ఎర్రల డబ్బా కట్టుకొని బయలుదేరాడు. గడపలో ఫోను చూశాడు. ఆగాడు. డబ్బా విప్పి ఎర్రలను జామచెట్టు కింద వదిలేశాడు. గాలం చూరులో పెట్టాడు. నా దిక్కు తిరిగి ఏదో అన్నాడు. పెదవులు చూశాను. "రావు తాత వద్దన్నడు" అన్నాడు. సైటు వద్దన్నది అనలేదు. నా కడుపు చల్లబడ్డది. జర మండింది కూడా, అబద్ధం ఎందుకు.

తాళం మార్చవద్దని రచనకు చెప్పు. దొంగలు వస్తారని ఆమెకు ఫికరైతే వెనక ఏవన్నా అంకెలు తగిలించుకోమను. ముందర ఆ మాట ఉండనియ్యి.

మరీ భయమైన శనివారం ఒక్కనివి కూర్చోకు. నాకు వినపడదు గనుక రాసి అడుగు. నేను వాగును చూడలేను, గుర్తు పెట్టలేను, కానీ జవాబు రాస్తాను. తాళంలో వాడు రాసిపెట్టింది గదే గదా.

సమ్మయ్య